ఉదయగిరి బస్సెక్కిన బడి తాళాలు

ఆ రోజుల్లో ట్రైనింగు పాసై బయటికొచ్చిన ప్రతి పంతులమ్మకీ దేశం తన కోసమే కాచుక్కూర్చుందని గట్టి నమ్మకం. స్వరాజ్యం కొత్తగా వచ్చింది, ఇక మిగిలింది నిరక్షరాస్యత ఒక్కటే, దాన్ని పెరట్లో కోళ్ళని తోలినట్టు తోలేయొచ్చు అనుకునేవాళ్ళం. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. నాయన ఉదయగిరి ఆస్పత్రిలో కాంపౌండరు. (ఎదురైన వాళ్ళకల్లా ఏదో ఒక మందు తాగించే గుణం నాకు ఆయన నుంచే వచ్చింది.) ఆత్మకూరు బడిలో ఉద్యోగం వచ్చి, అక్కడే ఉన్న మా పెద్దమ్మ ఇంట్లో దిగాను. పెదనాయన పోయాడు, పిల్లలు లేరు. పెద్దమ్మ ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడేది, మిగతా రోజులు అదే గొంతుతో నన్ను తిట్టేది.

ఆత్మకూరు బస్టాండులో కొందరు దిక్కులేని పిల్లలు ఉండేవాళ్ళు. బస్సు రాగానే మూటలు దించడం, ఇంజనుకి నీళ్ళు తెచ్చి పోయడం వాళ్ళ పని. పడక శెట్టిగారి కొట్టు అరుగు మీద. వాళ్ళ నాయకురాలు పదేళ్ళ పిల్ల, చంకలో ఎప్పుడూ తమ్ముడు. ఆ నోటి దురుసు చూసి డ్రైవర్లు మిరపకాయ అని పేరు పెట్టారు. నేను శెట్టిగారిని బతిమాలుకొని, సాయంత్రం బడి వదిలాక ఆ అరుగు మీదే వాళ్ళకి చదువు మొదలుపెట్టాను. మొదటి రోజు ఒక్కరూ రాలేదు. నేను పలకలు పేర్చుకొని, పిండివంటలు అమ్మేదానిలాగా కూర్చున్నాను. ఇంటికెళ్ళి చెప్పుకుంటే పెద్దమ్మ, ఖాళీ కడుపులకి అక్షరాలు ఎట్ట దిగుతాయని కసిరి, మర్నాడు గిన్నెడు ఉలవ గుగ్గిళ్ళు ఉడికించి ఇచ్చింది. అందరూ వచ్చారు. తిన్నారు. నేను విద్య గొప్పతనం మీద, ట్రైనింగులో బహుమతి తెచ్చిపెట్టిన ఉపన్యాసమే ఇచ్చాను. మిరపకాయ శ్రద్ధగా విని, "చదివితే ఏమొస్తాది?" అంది. ఉద్యోగం వస్తుందన్నాను. నన్ను కిందికీ పైకీ చూసి, "నీకొచ్చినాదిగా. మరి బస్టాండులో ఏం చేస్తా ఉండావు?" అంది. నేను ఉపన్యాసం ఆపి పలకలు పంచాను.

అయినా నెమ్మదిగా అక్షరాలు పట్టుబడ్డాయి. చిక్కల్లా హారనుతో. అది వినిపిస్తే 'క'కి తలకట్టు పెట్టేవాళ్ళు పెట్టకుండానే పరిగెత్తేవాళ్ళు. బడిలో చేరిస్తే తప్ప లాభం లేదని మా హెడ్మాస్టరు గారి దగ్గరికి పోయాను. ఆయన్ని మేం చాటుగా రూల్సు తాత అనేవాళ్ళం. ఊరూ పేరూ లేని పిల్లల్ని చేర్చుకోవడం కుదరదనీ, సంరక్షకుడు ఉండాలనీ, అయినా అంతగా అడుగుతున్నాను కాబట్టి ఒకసారి వచ్చి చూస్తాననీ అన్నారు.

ఆయన గొడుగుతో, చేతిసంచితో వచ్చి శెట్టిగారు వేయించిన కుర్చీలో కూర్చున్నారు. పిల్లలందరికీ నేనే మొహాలు కడిగి తలలు దువ్వాను. ఒకణ్ణి లేపి, నీ పేరు పలక మీద రాయమన్నారో లేదో, ఉదయగిరి బస్సు హారను మోగింది. కళ్ళు మూసి తెరిచేలోగా అరుగు ఖాళీ. పిల్లలతో పాటు గొడుగూ సంచీ కూడా లేవు. (అంత పెద్దమనిషి గొడుగూ సంచీతో బస్టాండుకి ఊరికే వస్తాడని వాళ్ళు మాత్రం ఎట్లా అనుకుంటారు?) బస్సు కదిలింది. దాని టాపు మీద మిరపకాయ, ఒక చేత్తో సంచి, ఒక చేత్తో గొడుగు. కింద తమ్ముడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. బడి తాళాలన్నీ ఆ సంచిలోనే ఉన్నాయని హెడ్మాస్టరు గారు చాలా నెమ్మదిగా చెప్పారు. ఆయన అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

అదే ఆఖరి బస్సు. ఆ పసివాణ్ణి ఇంటికి తీసుకెళ్తే పెద్దమ్మ నన్ను తిట్టడం కూడా మరిచిపోయి వాణ్ణి ఒళ్ళో వేసుకుంది. పొద్దున్నే ముగ్గురం బస్టాండుకి పోయాం. తాళం వేసిన బడిని వదిలేసి హెడ్మాస్టరు గారూ అక్కడే ఉన్నారు. మొదటి బస్సులోంచి మిరపకాయ దిగింది. తలకి నూనె, రెండు జడలు, ఒంటి మీద నా చిన్నప్పటి పరికిణీ. మా ఊరు అదేనని నేను చెప్పింది గుర్తుపెట్టుకొని, ఉదయగిరిలో దిగి, ఆత్మకూరు పంతులమ్మ వాళ్ళ ఇల్లేదని అడుగుతూ నేరుగా మా ఇంటికే పోయిందట. సంచీ గొడుగూ ఆయన చేతికిచ్చి, బస్టాండంతా వినేట్టు నాతో అంది: "మీ నాయన చెప్పమన్నాడు. ఊరందరికీ చదువు చెప్పేది మంచిదే గానీ, ముందు నువ్వు వేళకి అన్నం తినాలంట."

బస్సు కదిలేటప్పుడు దూకేయక ఎందుకు పోయావని హెడ్మాస్టరు గారు అడిగారు. "సంచి మీది గదా. ఒంటరిగా ఎట్ట పంపిచ్చేది?" అంది. ఆయన గొడుగు విప్పి, మళ్ళీ మూశారు. తర్వాత, పిల్ల మంచిదే గానీ సంరక్షకుడు లేనిదే చేర్చుకోలేనన్నారు. అప్పటిదాకా గుగ్గిళ్ళు ఉడికిస్తూనే ఈ బస్టాండు చదువులు వద్దే వద్దని పోరుపెట్టిన మా పెద్దమ్మ, నిద్రపోతున్న వాణ్ణి భుజం మార్చుకొని, "నా పేరు రాసుకోండి," అంది. సంరక్షకుడు మగమనిషి అయితే బాగుంటుందేమోనని ఆయన నసిగారు. "సంరక్షకురాలు అని రాయండి. రాసేదానికి రాకపోతే మా పిల్ల చెప్తాది," అంది పెద్దమ్మ. రాశారు.

బస్టాండంతా ఖాళీ చేస్తాననుకున్న నాకు దక్కింది, మిరపకాయ చంకలో తమ్ముణ్ణి కూడా కలుపుకుంటే, ముగ్గురు. అందులో ఒకడు వారం తిరక్కుండానే గోడ దూకి బస్సుల దగ్గరికే పోయాడు, పెద్దయ్యాక డ్రైవరై సుఖంగానే బతికాడు. తమ్ముడితో పాటు పెద్దమ్మ దగ్గరే పెరిగిన మిరపకాయ నెల్లూరులో నర్సు ట్రైనింగు చదివింది. పెద్దమ్మ మంచంపట్టినప్పుడు సెలవు పెట్టి వచ్చి, మందు వేసుకోనని మొరాయించే ఆ మనిషిని పెద్దమ్మ గొంతుతోనే గదమాయించేది. పెద్దమ్మ ఆ ఒక్కదాని మాటే వినేది.

ఇప్పుడు ఆత్మకూరు మీదుగా పోతూ బస్సు ఆగినప్పుడల్లా, ఆ అరుగు ఉండిన చోట, ఎండలో ఎవరూ వినకపోయినా చేతులూపుతూ మాట్లాడే ఒక పంతొమ్మిదేళ్ళ సన్నటి పిల్ల నా కళ్ళకి కనబడుతుంది. ఆమెను ఆపాలనిపించదు. కిటికీలోంచి పిలిచి, కాస్త నీళ్ళు తాగమ్మా, అని మాత్రం చెప్పాలనిపిస్తుంది.