గెడకు కట్టిన మనసు

మా పెదనాన్న చిన్నపోలయ్యకు అరవై రెండేళ్లు. పదేళ్ల వయసు నుంచీ పులికాట్ సరస్సు మీదే బతికాడు. నడుము నొప్పి తగ్గుతుందని ఎవరో చెబితే కిందటేడు సూళ్లూరుపేటలో ఉచిత యోగా తరగతులకు వెళ్లాడు. నొప్పి తగ్గలేదు గానీ ధారణ అనే మాట ఒకటి తెచ్చుకున్నాడు. మనసును ఒకే చోట కట్టి ఉంచడమని దానికి అర్థమట. అప్పటి నుంచి వల వేశాక పడవలో కళ్లు మూసుకుని కూర్చునేవాడు.

ఊళ్లో అనుమానాలు మొదలయ్యాయి. క్షుద్రపూజలంటారు కొందరు, మందు అలవాటైందంటారు కొందరు. పెద్దమ్మ ధనలక్ష్మి ఆయన నోరు వాసన కూడా చూసింది. మా ఊరి కుర్రాడు మధుబాబు మాత్రం అది నిద్రేనని తేల్చేశాడు.

అతని అనుమానానికి కారణం ఉంది. చేపలు బాగా పడే చోట్లను మా ఊరివాళ్లు చీటీలు తీసి వంతులుగా పంచుకుంటారు. వంతులో ఉన్నవాడు నిద్రపోతే ఆ ఏడాదంతా అతని వంతు తర్వాతివాడిది. పెదనాన్న తర్వాతివాడు మధుబాబే. పెదనాన్న పడవలో తోడుగా వెళ్లి చూసి రమ్మని అతనికే చెప్పారు పెద్దలు. చూసింది గంగమ్మ ముందు ప్రమాణం చేసి చెప్పాలన్నారు.

ఆ ఉదయం పెదనాన్న వల వేసి, పడవ నెట్టే గెడను బురదలో దించి, నీళ్లలో చప్పుడు వినడానికి దానికి చెవి ఆనించి కళ్లు మూసుకున్నాడు. మధుబాబు దగ్గాడు. కదలిక లేదు. మెల్లగా ఆయన భుజం మీది తువ్వాలు లాగి తన భుజాన వేసుకున్నాడు. అయినా కదలిక లేదు. ఇక రుజువు దొరికినట్టే.

"మధూ, ఎడంపక్క చేప తగిలింది. వల లాగు," అన్నాడు పెదనాన్న, కళ్లు తెరవకుండానే.

నమ్మకపోయినా లాగాడు. ఎడమవైపు వల బరువుగా లేచింది.

"మేలుకోనే ఉంటే తువ్వాలు లాగినప్పుడు పలకలేదేంది మామా?"

పెదనాన్న అప్పుడు చూశాడు తువ్వాలును. "తీసినావా? నాకు తెలవదబ్బయా. మనసు గెడకాడ ఉండాది. తువ్వాలుకాడ కూడా ఉంటే ఇంక ధారణేంది?"

ఒడ్డున పెద్దలు అడిగారు.

"నిద్దరైతే కాదు. ఏందో మాత్రం నాకు తెలవదు," అని మధుబాబు ప్రమాణం చేశాడు. వంతు పెదనాన్నకే మిగిలింది.

తర్వాత తన వంతు వచ్చిన రోజు మధుబాబు కూడా గెడకు చెవి ఆనించాడట. మూసింది ఒక కన్నే. రెండోది తన తువ్వాలు మీదే ఉంది.