నీడపట్టున హీలర్

అయిదుగురు జట్టు కట్టి ఫోన్లలో కత్తియుద్ధాలు చేసే ఆటల్లో హీలర్ వేషమంటే ఎవరికీ మోజుండదు. తలలు నరికేవాడికి చప్పట్లు, గాయాలు మాన్పేవాడికి తిట్లు. గెలిస్తే వీరుడి గొప్ప, ఓడితే హీలర్ నిర్వాకం. రెంటచింతల శౌరికి ఆ వేషమే దక్కింది. దక్కిందనడం కూడా తప్పు, మౌలాలీ పట్టుబట్టి అంటగట్టాడు.

ఇద్దరూ నాపరాళ్ళ క్వారీలో పనివాళ్ళు. ఎండాకాలం తెల్లవారకముందే పనిలోకి దిగి, పదకొండుకల్లా ఆపేసి, నాలుగింటిదాకా రేకుల షెడ్డులో పడుంటారు. ఆ ఖాళీలోనే ఆట. షెడ్డులో సిగ్నల్ అంతంతమాత్రం. కత్తి పట్టినవాడికి సిగ్నల్ గట్టిగా ఉండాలి కనుక పక్కనున్న చెత్తరాళ్ళ గుట్ట ఎక్కాల్సిందే. హీలర్ కాస్త ఆలస్యమైనా నెట్టుకురాగలడు.

మొదట్లో గుట్టెక్కింది శౌరే. పోయిన ఏడు ఎండకు కళ్ళు తిరిగి పడ్డాడు. మౌలాలీ మొహాన నీళ్ళు కొట్టి లేపి, ఫోన్ లాక్కుని వేషం మార్చేశాడు.

"రేపట్నించి నువ్వు హీలర్‌వి. షెడ్డులో కూచో. గుట్ట నేనెక్కుతా."

"చేతగానోళ్ళు తీసుకునేదిరా అది!"

"మూసుకో. నన్ను బతికించు, చాలు."

శౌరి రెండు రోజులు అలిగాడు. తర్వాత పని నేర్చుకున్నాడు, చివరికి దానిమీద ప్రాణం పెట్టుకున్నాడు. తెరమీద మౌలాలీ వీరుడి తలపైన, ప్రాణం ఎంతుందో చూపే ఆకుపచ్చ గీత కాస్త తగ్గితే చాలు, వీడి గుండె జారిపోయేది. "మంత్రాలన్నీ ఆడికేనా?" అని మిగతా ముగ్గురూ సణిగినా చెవిన పెట్టేవాడు కాదు.

మే నెల చివర్లో ఒకనాడు, ఆట మధ్యలో మౌలాలీ గంట మోగించాడు. గాయపడ్డవాడు హీలర్‌ని పిలిచే గంట అది. చూస్తే గీత నిండుగానే ఉంది. అయినా పిలిచాడు కదా అని శౌరి ఒక మంత్రం వేశాడు. ఆ తర్వాత మౌలాలీ వీరుడు ఉన్నచోటే గుంజలా నిలబడిపోయాడు.

"సిగ్నల్ పోయింది ఎదవకి," అని నవ్వుకున్నాడు శౌరి.

శత్రువులు ఎగబడ్డారు. శౌరి మంత్రం మీద మంత్రం వేస్తూ ఆ గీత తగ్గకుండా కాచాడు. పన్నెండు నిమిషాలు. అంత బాగా ఎన్నడూ ఆడలేదు. గెలిచారు.

ఆ సంతోషం పంచుకోవడానికి గుట్టెక్కాడు. మౌలాలీ రాళ్ళమీద బోర్లా పడున్నాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. ఆటోలో మాచర్ల చేరేలోపే ప్రాణం పోయింది. వడదెబ్బ అన్నారు.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక పదిరోజులు శౌరి మౌలాలీ ఇంటి వైపు వెళ్ళలేదు. పిరికితనమే, కాదనలేం. చివరికి మౌలాలీ తల్లి మెహరున్నీసా తనే వచ్చి వీళ్ళ గడప మీద కూలబడింది.

"నువ్వు అక్కడ్నే ఉన్నావంటగా అయ్యా. నా బిడ్డ పిలవలేదా?"

లేదనేస్తే సరిపోయేది. ఆమెకు కాస్త ఊరట, వీడికి జీవితాంతం ఒక సాకు. కానీ ఆ ముఖం చూస్తూ అబద్ధం ఆడలేకపోయాడు.

"పిలిచాడు పిన్నమ్మా. ఒక్కసారి. ఆట కోసం అనుకున్నా. ఫోన్‌లోనే బతికిస్తా కూచున్నా."

"ఎంతసేపు?"

"పన్నెండు నిమిషాలు."

శౌరి భోరుమన్నాడు. ఆమె తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. గడప పట్టుకుని మెల్లగా లేచింది.

"గుట్టకి నాలుగడుగులే గదా అయ్యా," అంది.