నీళ్లు వద్దని యుద్ధం చేసిన దేశం

ఆ రోజుల్లో పాఠానికీ అబద్ధానికీ మధ్య గీత ఎక్కడుందో నాకు సరిగ్గా తెలిసేది కాదు. డిగ్రీ కాగానే కదిరిలో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం దొరికింది. "ఒక్క ఏడు చూస్తా. పేరు చెడగొట్టుకున్నావంటే మళ్లా మన ఊరు కుందుర్పికే" అన్నాడు నాయన. నాకేమో ఆ ఉద్యోగమంటే ప్రాణం (జీతం చూసి కాదులెండి, అది చూస్తే ప్రాణం పోయేది).

ఖాళీ పీరియడ్లలో ఆరో తరగతిని నా నెత్తిన పెట్టేవాళ్లు. అల్లరి ఆపలేక ఒకరోజు నోటికొచ్చినట్టు లుంబారా అనే దేశాన్ని పుట్టించాను. అక్కడ రోజూ వాన. గుట్టవాళ్లు, ఒడ్డువాళ్లు అని రెండు జాతులు. ఇంట్లో ఒక భాష, సంతలో ఒక భాష, తిట్టుకోవడానికి ఇంకొకటి (ఇదంతా మా ఊరిదే, వాన తప్ప). ఎక్కువైన వాననీళ్లు "మాకొద్దు, మీరే పెట్టుకోండి" అంటూ ఒకరి వైపుకొకరు కాలవలు తవ్వి, తరాల తరబడి యుద్ధాలు చేశారని చెప్పాను. "నీళ్లు వద్దని కొట్లాడినారా మేడం?" అని తరగతి మొత్తం నోరు తెరిచింది. ఇక రోజూ లుంబారా చరిత్రే.

ఒకరోజు మా కరస్పాండెంటు చెప్పాపెట్టకుండా వచ్చాడు. స్కూలు పెట్టకముందు బోర్లు వేయించే వ్యాపారం ఆయనది, అందుకే చాటున అందరికీ బోర్ల సారు. "ఏదన్నా ఒక దేశం గురించి చెప్పండ్రా" అనగానే చేతులన్నీ లేచాయి. రాజుల పేర్లతో సహా అప్పజెప్పేశారు. ఆయన ఫోన్లో వెతికి, కళ్లజోడు సర్దుకుని మళ్లీ వెతికి, నన్ను వరండాలోకి పిలిచాడు.

"యాడుండాదమ్మా ఈ దేశం?"

"నేనే కల్పించినా సార్." కుందుర్పి బస్సు కళ్ల ముందు కదిలింది.

"ఆడ బోర్లు ఎన్ని అడుగులకు పడతాయి?"

"బోర్లే లేవు సార్."

పాపం, ఆయన ముఖం వాడిపోయింది. "కరువన్నా ఉండాదా?"

"లేదు సార్."

"కరువు లేకుండా చరిత్ర యాడుంటాదమ్మా? కథ అని పిల్లోళ్లకు చెప్పేయ్. ఒక కరువు కూడా పెట్టు, బతుకు తెలియల్ల గదా. రేపు కిటికీ కాడ నిలబడి వింటా. చెప్పలేదంటే నీ దావ నువ్వు చూసుకో."

మర్నాడు కిటికీ దగ్గర నిజంగానే నిలబడ్డాడు. ఇది కథ అన్నాను. "తెలుసు మేడం, చెప్పండి" అన్నారు పిల్లలు, నా మీద జాలిపడుతూ. గొంతు సవరించుకున్నాను. "ఒక ఏడాది లుంబారాలో వాన పడలేదు..."

ట్యాంకరు నీళ్లు పట్టి రోజూ ఆలస్యంగా వచ్చే పిల్ల లేచి నిలబడింది.

"వద్దు మేడం. ఆడన్నా పడనీండి."

నేను కిటికీ వైపు చూశాను. "సర్లేమ్మా, పడనీ" అని బోర్ల సారు వెళ్లిపోయాడు.

అలా ఉద్యోగం నిలిచింది. నాయన ఇచ్చిన గడువు ఆయనే మర్చిపోయాడు. ఇప్పుడు ఆ స్కూలుకు నేనే పెద్ద మేడంని. సిలబస్ దాటి ఒక్క మాట చెప్పాలంటే నాకే భయం. ఉద్యోగం పోతుందని వణుకుతూనే ఒక దేశం మొత్తానికి రోజూ వాన కురిపించిన అప్పటి చిన్న మేడం ఇప్పుడు నన్ను చూస్తే నవ్వుతుందేమో. నవ్వనీ, నాకూ నవ్వే వస్తోంది.