చాచీ అనని మాట

పన్నెండేళ్ళుగా ఒక వాక్యాన్ని మోస్తున్నాను. పత్రికలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. నా చేతి మీదుగా చాలా తప్పులు పోయాయి. బతికున్న మనిషిని చనిపోయాడని వేశాం. ఒకరి ఫోటో కింద ఇంకొకరి పేరు పెట్టాం. మర్నాడు లోపలి పేజీలో సవరణ వేసి చేతులు దులుపుకున్నాం. ఈ వాక్యానికి మాత్రం సవరణ వేయలేదు. వేయమని అడగవలసిన మనిషికి అందులో ఏముందో తెలియదు. తెలియకుండా చేసింది నేనే.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు చెప్పబోయి, ఎండల గురించో కేసీ కాలువ నీళ్ళ గురించో మాట్లాడి లేచి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి.

ఆమె మా చిన్నాన్న భార్య. చాచీ అనేవాళ్ళం. పుట్టింది కరాచీలో. దేశం విడిపోయినప్పుడు మా తాత తమ్ముడి కుటుంబం ఆ వైపు వెళ్ళింది. రాకపోకలు కాస్త సులువుగా ఉన్న రోజుల్లో ఆ ఇంటి పిల్లను ఈ ఇంటికి చేసుకున్నారు. పందొమ్మిదేళ్ళప్పుడు కడపకు వచ్చింది. బడికి వెళ్ళింది రెండేళ్ళే. ఉర్దూలో తన పేరు రాయగలదు, అదీ ఒక్కో అక్షరం దగ్గర ఆగి ఆగి. తెలుగు వీధిలో నేర్చుకుంది, చక్కగా మాట్లాడేది. చదవడం మాత్రం రాలేదు. బస్టాండులో నిలబడి ఇది మైదుకూరు బస్సా, బద్వేలు బస్సా అని పక్కవాళ్ళను అడిగేది.

బస్సెక్కే అవసరం కూడా ఆమెకు పెద్దగా ఉండేది కాదు. పాకిస్తాన్ పాస్‌పోర్టు మీద దీర్ఘకాలిక వీసాతో ఉంటున్న మనిషి ఊరు దాటాలంటే పోలీసులకు చెప్పి వెళ్ళాలి. కర్నూల్లో జరిగిన నా పెళ్ళికి అనుమతి కాగితం తెచ్చుకుని వచ్చింది. "నీ నికాకు ఇంతమంది వచ్చినారు గానీ, సర్కారు ముద్ర ఏయించుకుని వచ్చింది నేనొక్కదాన్నే బేటా" అని అందరికీ చెప్పి నవ్వించింది.

చాచా పోయిన రెండో ఏడు ఆమె నా దగ్గరకు వచ్చింది. ఒక్కడే కొడుకు, అప్పటికి కువైట్‌లో డ్రైవరు. కరాచీలో ఆమెకు చెల్లెలు ఉంది. ఆ చెల్లెలికి కిడ్నీలు పాడయ్యాయి. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ముప్పై ఏళ్ళు దాటింది. పాత పాస్‌పోర్టు మీద వెళ్తే మళ్ళీ రానిస్తారో లేదో ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఈ దేశ పౌరురాలైతే ఇక్కడి పాస్‌పోర్టు మీద వెళ్ళి, చూసి, తిరిగి రావచ్చు. ఆమెకు కావలసింది అంతే. వెళ్ళడం, చూడడం, తిరిగి రావడం. "నువ్వు రాసేవాడివి గదా, నాకొక అర్జీ రాయి" అంది.

రాశాను. అందులో ఏ లోపమూ లేదని ఇప్పటికీ చెప్పగలను. ఇంగ్లీషు ఫారంలో గడి గడికీ అడిగి నింపాను. పెళ్ళి పత్రం నికానామాకు అనువాదం చేయించాను. చాచా పుట్టిన తేదీ కోసం ఆయన చదివిన బడికి రెండుసార్లు తిరిగాను. ఆ రోజుల్లో ఒక నిబంధన ఉండేది. ఫలానా మనిషి పౌరసత్వానికి దరఖాస్తు చేసుకుంటోంది, అభ్యంతరం ఉన్నవాళ్ళు రాసి పంపవచ్చు అని రెండు పత్రికల్లో ప్రకటన వేయించి ఆ ముక్కలు జతచేయాలి. ఆమె భయపడిన చోటు అదొక్కటే. చాచా పోయాక ఇల్లు మారిన వీధిలో అందరూ ఆమెది హైదరాబాదు అనుకుంటున్నారు. "చిన్న అచ్చరాల్లో ఏపిస్తావా?" అని అడిగింది. "అద్దం పెట్టి చూసినా కనపడదు చాచీ" అన్నాను.

మొదటి ప్రకటన అలాగే వచ్చింది. వేలం నోటీసుకూ, పోయిన సర్టిఫికెట్ల ప్రకటనకూ మధ్య, చీమ తలకాయంత అక్షరాల్లో. అక్కడితో ఆగి ఉంటే?

ఆ వారం ఆదివారం పేజీకి కథనం లేదు. డెస్కులో టీ తాగుతూ చాచీ సంగతి చెప్పాను. ఎందుకు చెప్పాను? బాధతోనా? ఎడిషన్ ఇన్‌ఛార్జి కళ్ళు పెద్దవి చేస్తాడని తెలిసే చెప్పానా? అతను "ఇంత కథను ఇంట్లో పెట్టుకుని పేజీ లేదంటావేమప్పా" అన్నాడు. కలెక్టరు చదివితే ఫైలు కదులుతుందని నాకు నేను చెప్పుకున్నాను. ఆ మాట అప్పుడు నమ్మానో, నమ్మినట్టు ఉండటం సౌకర్యంగా తోచిందో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను. ఆమె అనుమతి అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు గనుక అడగలేదు. ఇది మాత్రం తేలిన విషయం.

అర్జీ నింపేటప్పుడు ఒకసారి అడిగాను, కరాచీ గుర్తొస్తుందా అని. ఆమె కుట్టుమిషన్ తొక్కుతూనే చెప్పింది: "చెల్లెలు గుర్తొస్తాది. ఊరు యాడ గుర్తుండాది? మీ చాచా ఈడ మట్టిలో ఉండాడు, పిల్లోడు ఈడ పుట్న్యాడు. నేను యాడికి పోతా?" ఆ జవాబు కథనంలో వేయలేదు. అందులో పోటు లేదనిపించింది. కథనం చివరికొచ్చేసరికి ఒక ముగింపు కావలసి వచ్చింది. అప్పుడు ఆమె నోట్లో నేనొక మాట పెట్టాను. "కాపురం కడపలోనే గానీ, నా ప్రాణం ఇంకా కరాచీలోనే ఉంది." కొటేషన్ గుర్తులు పెట్టాను. అందులోంచే శీర్షిక తీశాను: కాపురం కడపలో.. ప్రాణం కరాచీలో. డెస్కులో అందరూ భేష్ అన్నారు. అర్జీకి తీయించిన ఫోటోల్లో ఒకటి మిగిలితే దాన్ని పెద్దది చేసి వేశాం.

ఆదివారం పొద్దున ఆమె ఇంటికి వెళ్ళేసరికి పత్రిక మిషన్ మీద పరిచి ఉంది. టీకొట్టు అతను "నీ ఫోటో పడింది" అని ఇచ్చి పోయాడట.

"ఏం బేటా, ఇది రెండోదా?"

నేను నోరు తెరవకముందే ఆమే నాకు దారి చూపించింది. రెండు ప్రకటనలు వేయాలని ఆమెకు తెలుసు.

"అవును చాచీ. రెండోదే."

"చిన్నగా ఏపిస్తానంటివి. ఇదేందిరా ఇంత పెద్దగా ఏసినారు! నా ముక్కు ఇంత లావుగా ఉండాదా? పెండ్లినాడు గూడా మీ చాచా ఇంత ఫోటో తీపియ్యల్యా."

"రెండోది పెద్దగా ఏయాలని రూలు చాచీ."

"రూలుంటే ఏం జేస్తాంలే. సదువు, ఇంటా."

చదివాను. పేజీ వైపు చూస్తూ, వేలు పెట్టి, అక్కడ లేనిదంతా చదివాను. ఈమె ముప్పై ఏళ్ళుగా ఇక్కడే కాపురం ఉంటోంది, చట్టాన్ని మీరలేదు, ఈ దేశ పౌరురాలు కావాలని కోరుతోంది, అభ్యంతరాలుంటే తెలుపగలరు. ఇంతలేసి అక్షరాల శీర్షిక దగ్గర వేలు ఆపి "ప్రకటన" అన్నాను. ఆమె రెండుసార్లు చదివించుకుంది. పెదవులు కదిలిస్తూ కంఠతా పట్టింది. "బాగా రాసినావు" అంది.

మర్నాడే వెళ్ళి ఆ పేజీకి లామినేషన్ చేయించుకుంది. అసలు రెండో ప్రకటన మరుసటి వారం వేరే పత్రికలో వచ్చింది. అది ఆమెకు చూపించలేదు. నేరుగా ఫైలులో పెట్టేశాను.

వీధిలో మాటలు తగ్గాయి. చీరలకు ఫాల్ కుట్టమని ఇచ్చేవాళ్ళు ఇవ్వడం మానుకున్నారు. ప్రకటన వచ్చింది కదా, అంతే అనుకుందామె. ఎవరో ఒకరు ఆ వాక్యం ఆమె ముఖం మీద అనేస్తారని రోజూ భయపడ్డాను. ఎవరూ అనలేదు. వెనక అనుకునే మాట అది.

మూడు నెలలకు విచారణకు పిలిచారు. నేనే వెంట తీసుకెళ్ళాను. అధికారి మర్యాదస్తుడు, ఆమెను కూర్చోమన్నాడు. ఎన్నేళ్ళయింది, ఎవరెవరున్నారు, అన్నీ అడిగాడు. ఆమె ధైర్యంగానే చెప్పింది. చెప్పి, అడగకముందే సంచిలోంచి ఆ లామినేషన్ కాగితం తీసి రెండు చేతులతో ఇచ్చింది.

ఆయన చదువుతున్నాడు.

"అమ్మా, ఇందులో ఉండేదంతా నువ్వు చెప్పిందేనా?"

"నేను చెప్పిందే సార్."

"బాగా ఆలోచించి చెప్పు."

"ఆలోచన చేసేదేముండాది సార్, పేపర్లో అచ్చయినంక? మావోడు సదివి ఇనిపించినాడు. అచ్చరం తప్పు ల్యా."

ఆయన నా వైపు చూశాడు. అప్పుడు నేను అనవలసింది చిన్న మాట. సార్, ఆ వాక్యం ఆమెది కాదు, నేను కల్పించాను. ఎంత సేపు పడుతుంది? ఆ మాట బయటపడితే నా ఉద్యోగం పోతుంది. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది. ఇంట్లో చదువులున్నాయి. నిజం చెప్పాలంటే, అవన్నీ తర్వాత వెతుక్కున్న కారణాలు. ఆ క్షణంలో ఆమె ముందు చిన్నబోవడం ఒక్కటే భయం. అచ్చరం తప్పు లేదన్న మనిషి పక్కన కూర్చుని, అదంతా అబద్ధమని ఎలా అనను? అనలేదు. ఆయన ఏదో రాసుకున్నాడు. ఆమె కుడి నుంచి ఎడమకు నిదానంగా సంతకం పెట్టింది.

ఏడాదిన్నర తర్వాత తిరస్కరిస్తూ ఇంగ్లీషులో ఒక ఉత్తరం వచ్చింది. దాన్ని ఉన్నది ఉన్నట్టు చదివాను. "ఎందుకంట?" అని అడిగింది. "కారణం రాయలేదు చాచీ" అన్నాను. నిజంగానే రాయలేదు. ఆ నిజం వెనక దాక్కున్నాను. ఆఫీసులో తెలిసిన గుమాస్తా ఒకరు చెప్పారు, విచారణ నివేదికలో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తిరాశారని. అభ్యంతరం తెలుపుతూ బయటినుంచి ఒక్క ఉత్తరం కూడా రాలేదట. వచ్చిన అభ్యంతరం నాదొక్కటే.

మళ్ళీ అర్జీ పెడదామంది. పెడదామన్నాను. పెట్టాలంటే ఆ వాక్యానికి సమాధానం చెప్పాలి. సమాధానం నా దగ్గర మాత్రమే ఉంది. వచ్చే నెల, రంజాన్ అయ్యాక, ఎన్నికలయ్యాక, నేను రిటైరయ్యాక. రిటైరయ్యాను కూడా. అప్పుడేమి అడ్డం? అప్పటికి దాచిన ఏళ్ళే అడ్డమయ్యాయి.

ఈలోగా చెల్లెలు పోయింది. ఆ మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. అవతల చెల్లెలి కూతురు ఫోన్ తిప్పి చూపిస్తోంది. తెల్లటి గుడ్డ, ఆడవాళ్ళ ఏడుపు, మధ్యమధ్యలో ఆగిపోయే బొమ్మ. చాచీ ఏడవలేదు. బొమ్మ పోయాక కూడా ఫోన్ కళ్ళకు దగ్గరగా పట్టుకునే కూర్చుంది. అలాగే పట్టుకుని అడిగింది.

"ఆ సారు అడిగిన రోజు నేనేమన్నా తప్పు చెప్పింటానా బేటా?"

"లేదు చాచీ."

"ఏదో చెప్పింటాలే. సదువురానిదాన్ని. యాడనో నోరు జారింటా."

అప్పుడు కూడా చెప్పలేదు. నా తప్పును తన తప్పనుకుని ఒక మనిషి నా ఎదురుగా మోస్తోంటే, మోయనిచ్చాను. కథనం రాయడం, తప్పుగా చదవడం, విచారణలో మౌనం, వీటన్నిటి కంటే ఇది ఎక్కువ. ఈ ఒక్కదానికి నాకు నేను ఏ కారణమూ చెప్పుకోలేకపోయాను.

పోయిన ఏడాది ఆమె పోయింది. చాచా పక్కనే చోటు దొరికింది. మూడో రోజు కానిస్టేబుల్ వచ్చాడు. విదేశీయురాలు చనిపోతే నమోదు చేసుకోవాలి. పాపం, చెప్పులు గుమ్మం దగ్గరే విడిచి లోపలికి వచ్చి, ఫారం ఎవరు నింపుతారని అడిగాడు. అందరూ నా వైపు చూశారు. జాతీయత అన్న గడిలో పాకిస్తాన్ అని రాశాను. దస్తూరీ బాగానే వచ్చింది.

అతను వెళ్ళాక చాచీ కొడుకు నా పక్కన కూర్చున్నాడు. కువైట్ నుంచి వచ్చేసి ఇక్కడే ఆటో నడుపుతున్నాడు. "అమ్మీ కోసం నువ్వు తిరిగినంత నేను గూడా తిరగల్యా భయ్యా" అన్నాడు. మళ్ళీ అన్నాడు: "ఎంత జేసినా అమ్మీ ప్రాణం ఆడనే ఉండె. పేపర్లో తనే చెప్పింది గదా. కువైట్ నుంచి వచ్చిన రోజే సదివినా. ఎప్పుడూ అడగల్యా. అడిగితే అవునంటాదేమోనని."

నేను వాడి భుజం మీద చెయ్యి వేశాను. అంతే చేశాను.

క్షమించమని ఎవరిని అడగాలి? ఆమె లేదు. మీరు క్షమించినా అది నాకు చెందదు. ఇందులో ఎవరి పేరూ రాయలేదు గానీ, వాడి కంట పడితే కరాచీ అన్న మాట దగ్గరే ఇది ఎవరి కథో తెలిసిపోతుంది. వాడు తెలుగు బాగా చదువుతాడు. చదవాలనే రాశాను. మిషన్ తొక్కుతూ వాళ్ళమ్మ నిజంగా ఏమందో వాడు ఒక్కసారైనా చదవాలి. చదివాక నా గడప తొక్కకపోవచ్చు. తొక్కి, గల్లా పట్టుకోవచ్చు. ఎదురుచూస్తున్నాను. పన్నెండేళ్ళలో మొదటిసారి, ఎదురుచూడటానికి నాకు భయంగా లేదు.