అయిదో రోజు నేనన్న మాట

మా మామ చెట్లతో మాట్లాడేవాడు. మామ అంటే నా భర్త తండ్రి. పక్కింటి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. దారిలో ఏ మొక్కనైనా తొక్కితే వంగి దాన్ని సరిచేసి, "చూడలే తల్లీ, ఏమనుకోకు" అనేవాడు. ఉత్తరేణి గింజలు చీరకు అంటుకున్నాయని నేను విసుక్కుంటే, "అది నీతోని వస్తనంటున్నది, ఎందుకు కసురుకుంటవ్" అని నన్నే కోప్పడేవాడు. ఛాతీ దాకా గడ్డం, భుజాన గొంగడి, చేతిలో జింక కొమ్ము. మందు వేర్లకు ఇనుము తగలకూడదట, అందుకే ఆ కొమ్ముతో తవ్వేవాడు. ఊళ్లో సగం మంది ఆయన్ని మంత్రగాడనేవారు. అమావాస్యనాడు పిల్లిగా మారతాడని మా వీధి ఆడవాళ్లు నాతో ఒట్టేసి చెప్పారు. ఆ మంత్రగాడికి మా అత్తమ్మ అంటే హడలని వాళ్లకు తెలియదు. ఆకులూ అలములూ తెచ్చి వంటింట్లో ఆరబోస్తే ఆమె చీపురు పట్టుకుని నిలబడేది, ఆయన మారు మాట్లాడకుండా మూట కట్టుకుని బయటికి నడిచేవాడు.

ఎనభైల చివర్లో నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మాది సంగారెడ్డి అవతల గట్టు నేల ఊరు. వీళ్లది గడ్డపోతారం వైపు, వాగు పక్కన. వచ్చిన మూడో రోజు మామ నన్ను వాగు ఒడ్డుకు రమ్మన్నాడు. ఎందుకో అనుకుంటూ పోయాను. అక్కడ ఒక్కో మొక్క దగ్గర ఆగి, "ఈమె మనింటి కోడలు, రేపటిసంది ఈమె కూడా వస్తది" అని చెప్పుకుంటూ పోయాడు. నేల ఉసిరి దగ్గర మాత్రం నన్ను కూర్చోమన్నాడు. కామెర్లకు ఆయనిచ్చే మందు అదే. ఇస్నాపూర్ కిరాయి గదుల్లో ఉండే బీహారు కూలీల నుంచి బీరంగూడ ఉద్యోగస్తుల దాకా దానికోసం వచ్చేవారు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు.

ఆ మందుకొక పద్ధతి ఉంది. ముందురోజు సాయంత్రం స్నానం చేసి మొక్క దగ్గరికి పోవాలి. దాని మొదలు దగ్గర పసుపు బియ్యం పోసి, రోగి పేరు, ఊరు, జబ్బు చెప్పాలి. "రేపు పొద్దుగాల వస్త, నీ పాణం ఇయ్యాలె" అని అడగాలి. తెల్లారి సూర్యుడు రాకముందే, తోవలో ఎవరితోనూ మాట్లాడకుండా పోయి తేవాలి. పోయేసరికి మొక్క వాడిపోయి ఉంటే అది ఒప్పుకోలేదన్నమాట, ముట్టకుండా తిరిగి రావాలి. అడగకుండా పెరికితే అది గడ్డేనట, మందు కాదట. ఆయన తెచ్చిన మొక్కల్ని రోట్లో నూరి మేకపాలల్లో కలిపి ఇవ్వడం అత్తమ్మ పని. నేను వచ్చాక ఆ పని నాకు అప్పజెప్పింది. నూరేటప్పుడు కూడా మాట్లాడకూడదు. నా నోటికి అంత పెద్ద శిక్ష ఇంకోటి లేదని అత్తమ్మ నవ్వేది.

నా భర్త కంపెనీలో పని చేసేవాడు. మందుల కంపెనీయే, కానీ మామ మందుల వంటివి కావు. ఇంటికొస్తే ఒంటినిండా ఘాటు వాసన, సబ్బుతో రెండుసార్లు రుద్దినా పోయేది కాదు. నేను వచ్చిన నాలుగైదేళ్లకే వాగు రంగు మారింది. ఒకరోజు ఎర్రగా, ఇంకోరోజు కల్లు పొంగినట్టు నురగ. మా బర్రె ఆ నీళ్లు తాగి ఈచుకపోయింది, కడుపులో దూడ చచ్చిపోయింది. ఆ రాత్రి షిఫ్టుకు పోతూ నా భర్త నాకు మెల్లగా చెప్పాడు: "ఆ ఒడ్డు మీది గడ్డి కూడా కొయ్యకు. అది మంచిది కాదు. నాయినకు చెప్పకు, కంపెనీ గేటు కాడికి పోయి లొల్లి పెడ్తడు, నా నౌకరి పోతది."

నేను చెప్పలేదు. మామకు మాత్రం కళ్లు లేవా? చూశాడు. మొక్కల ఆకుల అంచులు ఎర్రబడటం చూసి చాలాసేపు వాటి దగ్గర కూర్చున్నాడు. "తట్టుకుంటున్నయి. మనిషికంటె ఓపికగలవి" అన్నాడు. ఇంకో చోటి నుంచి తెద్దాం మామా అంటే, "ముప్పై ఏండ్లసంది వీటిని అడుగుతున్న. కొత్తవాటికి నేనెవరో ఏం ఎరుక?" అన్నాడు.

ఆ వానాకాలంలో అత్తమ్మకు కామెర్లు వచ్చాయి.

కళ్లు ముందు పచ్చబడ్డాయి. తర్వాత గోళ్లు. అన్నం ముందు పెడితే వాసనకే కడుపులో తిప్పేది. మామ ఏమాత్రం గాబరా పడలేదు. "ఏడు రోజుల మందు. ఎనిమిదో రోజు చీపురు పట్టుకోని నా ఎంబడి పడ్తది, చూడుండ్రి" అన్నాడు. ఆ సాయంత్రం స్నానం చేసి ఒడ్డుకు పోయాడు. ఆయన మొక్కకు భార్య పేరు చెప్పడం నేను దూరం నుంచి విన్నాను. ఎప్పుడూ ఆమెను పేరు పెట్టి పిలవని మనిషి.

నాకు నిద్ర పట్టలేదు. ఆ విషపు ఒడ్డు మీది ఆకు ఆమె గొంతులో పొయ్యాలా? మామతో చెబితే వినడు, భర్తతో చెబితే నోరు మూసుకోమంటాడు. పొద్దున మామ తెచ్చిన మొదటి రోజు మందు నూరకుండా పాలల్లో పసుపు, ఏదో ఆకుపసరు కలిపి ఇచ్చాను. తర్వాత మా అమ్మకు బాగాలేదని అబద్ధం చెప్పి బస్సెక్కి మా ఊరు పోయాను. గట్టు మీద నేల ఉసిరి బలంగా ఉంది, మంచి నేల, వాన నీళ్లు తప్ప ఏ నీళ్లూ ఎరగనిది. వేళ్లతో సహా పెరికి తడిగుడ్డలో చుట్టి సాయంత్రానికి తెచ్చాను. స్నానాలగది వెనక పగిలిన కుండలో తడి ఇసుక పోసి నాటాను. ఆ మర్నాటి నుంచి మామ తెచ్చింది గోడవతల పారేసి నేను తెచ్చింది నూరాను. మొక్కను నేనేమీ అడగలేదు. అడగాలని తట్టింది, నవ్వొచ్చింది, పెరికేశాను. ఎంత తెలివైనదాన్నో అనుకున్నాను. ఆయన పద్ధతీ పోలేదు, అత్తమ్మ కడుపులోకి విషమూ పోలేదు.

అయిదో రోజు అత్తమ్మకు చలిజ్వరం వచ్చింది. కుడి డొక్కలో పోటని మెలికలు తిరిగింది. నా భర్త పనికి పోకుండా కూర్చున్నాడు. "పట్నంల పెద్ద దవాఖానకు తీస్కపోదాం నాయినా, జీపు మాట్లాడుత" అన్నాడు. మామ అడ్డంగా తల ఊపాడు. "మందు నడిమిట్ల ఆపితే మొదటికే మోసం. ఇంక రెండు రోజులే."

నా భర్త నాకేసి తిరిగాడు. "నువ్వేమంటవ్?" అన్నాడు.

ఆ ఇంట్లో నా మాటకు అంత బరువు అంతకుముందు ఎప్పుడూ లేదు. నేను గట్టిగా అని ఉంటే ఆ పూటే జీపు కదిలేది. కానీ నేను మంచి నేల మందు పోస్తున్నాను కదా. పని చేస్తుందని నాకు నమ్మకం. మామ ఒడ్డు మందే పోసి ఉంటే భయపడి, ఏడ్చి, కాళ్లు పట్టుకునైనా దవాఖానకు పంపేదాన్ని. "రెండు రోజులు చూద్దాం" అన్నాను.

ఏడో రోజు మధ్యాహ్నం ఆమెకు మాట పడిపోయింది. జీపులో ఆమె తల నా ఒళ్లోనే ఉంది. పట్నంలో డాక్టరు పరీక్ష చేసి, లోపల చీము పట్టి రక్తమంతా పాడైందని, ఒక్క రెండు రోజులు ముందు తెచ్చి ఉంటే ఆపరేషన్ చేసేవాళ్లమని అన్నాడు. తెల్లారి ఆమె పోయింది. రెండు రోజులు అన్న మాట డాక్టరు మామూలుగా అన్నాడు, నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది.

దినాలయ్యాక మామ ఒడ్డుకు పోయి నేల ఉసిరి మొక్కల్ని రెండు చేతులా పీకాడు. అడగకుండా పీకడం అదే మొదటిసారి. వాటిని గంపకెత్తుకుని కంపెనీ గేటు దగ్గర కుమ్మరించాడు. "నా చెట్లకు విషం తాపిండ్రు! అవి నాకు అబద్ధం చెప్పినయ్! నా పెండ్లాన్ని మింగిండ్రు!" అని అరిచాడు. గేటు దగ్గరి వాచ్‌మన్లకు తెలుగు రాదు, పిచ్చోడనుకుని నవ్వారు. ఆ రోజు నుంచి ఆయన ఎవరికీ మందు ఇవ్వలేదు. వచ్చినవాళ్లను దవాఖానకు పొమ్మనేవాడు. నెలకోసారి, రెండుసార్లు, గంప నిండా వాడిన మొక్కలతో గేటుకు పోయేవాడు. తహసీలు ఆఫీసుకు కూడా పోయాడు. సార్లకు మొక్కల రోగం చూపించేవాడు. వాళ్లు చాయ్ తాగించి పంపేవారు.

కొడుకుతో మాట మానేశాడు. "కంపెనీ ఉప్పు తినేటోనితోని నాకు మాటల్లేవ్" అన్నాడు. వాకిట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని సొంతంగా వండుకున్నాడు. పక్కపక్కన నిలబడి కూడా, "నీ మొగనికి చెప్పు, కరెంటు బిల్లు వచ్చింది" అనేవాడు. నేను ఇటు తిరిగి చెప్పేదాన్ని. బయటివాళ్లు చూస్తే నవ్వుకునేవాళ్లు. పదేళ్లకు పైగా అట్లాగే గడిచింది. నా భర్త ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. తన కంపెనీ నీళ్లే తల్లిని చంపాయని అతనూ నమ్మాడు. జీతం తెచ్చి నా చేతిలో పెట్టేటప్పుడు చెయ్యి దులుపుకునేవాడు, అంటకూడనిది అంటినట్టు. అతన్ని చూసినప్పుడల్లా నోరు తెరవబోయేదాన్ని. తెరిస్తే ఆ రెండు రోజుల మాట కూడా బయటికొస్తుంది. నాకు ధైర్యం లేదు. పిరికిదాన్ని, అంతే.

ఒకరోజు నా భర్త గిన్నెలు తోమే జలారి దగ్గర జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. మామ వాకిట్లో ఉన్నాడు. గబుక్కున లేచి రెండడుగులు వేసి చెయ్యి చాచాడు. అంతలోనే గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ ముసలి చెయ్యి గాల్లో ఆగిపోవడం చూశాక ఇక ఉండలేకపోయాను.

కట్టు కట్టించుకొచ్చి భర్త పడుకున్నాక, మధ్యాహ్నం మామ దగ్గరికి పోయాను. బియ్యంలో రాళ్లేరుతున్నాడు. అంతా చెప్పాను. కుండ, తడి ఇసుక, గోడవతల పారేసిన మందు, అన్నీ. తిడతాడనుకున్నాను, కొట్టినా సరే అనుకున్నాను. ఆయన చేట పక్కన పెట్టాడు.

"ఏ గట్టు మీదిది?"

చెప్పాను.

"వేరుతోని తెచ్చినవా? ఆకు ఎండలే గదా?"

"లేదు మామా. పచ్చగనే ఉండె. రోజూ నీళ్లు చల్లిన."

"పాలు మేకవేనా?"

"మేకవే."

"అడగకపోతివి" అన్నాడు మెల్లగా. మళ్లీ తనే తల ఊపుకున్నాడు. "అయినా నా ఇంటి కోసమే పెరికినవ్. అది ఎరుగదా. అది మంచి మందే బిడ్డా. నేను గూడ అంతకంటె మంచిది తేకపోదును."

నాకు గుండె తేలికైంది. చెట్లు ఆయనకు అబద్ధం చెప్పలేదు, కొడుకు కంపెనీ తల్లిని చంపలేదు, ఇక అన్నీ సర్దుకుంటాయనుకున్నాను. ఆయన ముఖం చూశాక నేను పొరబడ్డానని అర్థమైంది.

"అంటే మంచి మందు తాగి పోయింది" అన్నాడు. "అయిదో రోజు వాడు దవాఖానకు పోదామన్నడు గదా?"

"అన్నడు."

"వద్దన్నది నేను."

"నేను గూడ అన్న మామా. రెండు రోజులు చూద్దామన్న. నేను గట్టిగ చెప్పుంటే…"

"నువ్వు కోడలివి. నా మాట మీద మాట ఎట్లంటవ్" అన్నాడు. ఆ తప్పులో నాకు గోరంత వాటా కూడా ఇవ్వలేదు. నేనా మాట అన్నది ఆయనకు భయపడి కాదు, నా తెలివి మీద నాకున్న పొగరుతోనని ఎంత చెప్పినా వినలేదు.

ఆ సాయంత్రం కొడుకు మంచం దగ్గరికి పోయి, "చెయ్యి గుంజుతున్నదా బిడ్డా? లే, అన్నం తిందాం" అన్నాడు. నా భర్త ఆ ఒక్క మాటకే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తండ్రి అన్నం కలిపి ముద్దలు పెడితే తిన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "ఏం మంత్రం ఏసినవే?" అని నవ్వాడు. ఏమీ లేదన్నాను. ఈ రోజుకీ అతనికి చెప్పలేదు.

మామ మళ్లీ గేటుకు పోలేదు. ఆయన మానేశాక ఊళ్లో ఇంకెవరూ పోలేదు. వాగు మాత్రం అట్లాగే రంగులు మారుతూ పారింది. అన్నాళ్లూ కోపమే ఆయన్ని నిలబెట్టిందని నాకు అప్పుడు తెలిసింది. మాతో కలిసి తినేవాడు, కొడుకుతో కబుర్లు చెప్పేవాడు, నవ్వేవాడు కూడా. కానీ మనిషి రోజురోజుకూ చిక్కిపోయాడు. ఎండలు ముదిరేసరికి మంచం పట్టాడు. దవాఖానకు పోదామంటే ఈసారి వెంటనే సరేనన్నాడు, మారు మాట్లాడకుండా. డాక్టరు ఏ రోగమూ లేదన్నాడు.

ఒకనాడు జావ తాగిస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇన్నేండ్లు ఆ కంపెనీని తిట్టుకుంట బతికిన బిడ్డా" అన్నాడు. "ఇప్పుడు తిట్టనీకె ఎవ్వరు లేరు."

నన్ను తిట్టు మామా అని నోటిదాకా వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు. మూతి తుడిచి, గిన్నె తీసుకుని బయటికి వచ్చేశాను.