రబ్బరు కప్ప

వరంగల్ నుంచి నర్సంపేట పోయే బస్సులో, కొర్రమట్ట చేపకు ఎరగా ఏ రబ్బరు కప్ప కట్టాలా అని, ఉన్నవన్నీ ఒళ్లో పరుచుకుని చూస్తున్నా. పక్క సీటు పెద్దాయన ఆకుపచ్చది తీసుకున్నాడు.

"గింత మెత్తగెందుకు బిడ్డా?"

"గట్టిగుంటే చేప ఉమ్మేస్తది కాకా. మెత్తగుంటే నిజం కప్పే అనుకుని మింగుతది," అన్నా గొప్పగా.

ఆయన నొక్కాడు. కప్ప పొట్ట అణిగి, వీపులో దాగిన గాలం మొన పైకి లేచింది. దాన్నే చూస్తూ అన్నాడు:

"విత్తనాల షాపాయన సుత నన్ను కుర్చీల కూసోవెట్టి చాయ్ తాగిపిచ్చిండు. పత్తి నా ఎత్తు పెరిగింది, ఒక్క కాయ పట్టలే. పోయి అడిగితే నీ భూమిలనే దోషమున్నదన్నడు."

ఆ షాపువాణ్ణి తిట్టబోయాను. ఒళ్లో ఇన్ని కప్పలు పెట్టుకుని ఏం తిడతాం?

దిగేటప్పుడు ఆయన, నాకు గుచ్చుకోకుండా గాలం మొనను తనవైపు తిప్పుకుని, కప్పను నా అరచేతిలో పెట్టాడు.

మొన్న గాలాల షాపుకు పోతే, ఇంకా మెత్తటి రకం వచ్చిందంటూ షాపాయన కుర్చీ జరిపాడు. "కూసో అన్నా, చాయ్ తాగుతవా?"

వద్దన్నా. కూర్చోలేదు కూడా.