నెత్తళ్ల కడుపులో గుడ్లు

రాచర్ల దగ్గరి పల్లెలో పుట్టిన హెలెన్ పెళ్లయ్యాకే సముద్రాన్ని చూసింది. అత్త దగ్గర ఎండుచేపల వ్యాపారం నేర్చుకుని, ఇరవై రెండేళ్ల పాటు కొత్తపట్నం ఒడ్డున జాలరి మల్లమ్మ ఎండబెట్టిన నెత్తళ్లు, ఆ వేలెడు చేపలు, తెచ్చి మార్కాపురంలో అమ్మింది. చేత్తో తడిమితే చాలు, అవి ఏ నెలలో పడ్డ చేపలో చెప్పేది.

అందుకే తేడా ముందు ఆమెకే తెలిసింది. ఒక ఫిబ్రవరిలో సరుకు ఏరుతుంటే ఉబ్బిన కడుపులు కనిపించాయి. గిల్లి చూస్తే గుడ్లు! గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం వేట ఆపేది ఏప్రిల్ నడుమ నుంచి. మరుసటి ఏడాదీ అంతే, ఆ పై ఏడాదీ అంతే.

"నీళ్లు కాగిపోతన్నాయి వదినా," అంది మల్లమ్మ. "కాలం రాకముందే గుడ్లకొస్తన్నాయి. మనం తల్లుల్నే ఎండబెడతన్నాం."

సముద్రంలో ఎక్కడ ఏది చేయాలో ప్రణాళిక వేస్తున్నామని అధికారులు ఒడ్డున సభ పెడితే, మల్లమ్మ కబురు చేసింది. హెలెన్ కవరు నిండా నెత్తళ్లు కట్టుకుని బస్సెక్కింది. సభలో తెర మీద రంగురంగుల పటం. వేటకు ఇంత మేర, ఓడలకు ఇంత మేర.

"వేట ఆపేది ఫిబ్రవరికే తేవాల సారూ. చూడండి, కడుపులో గుడ్లుండాయి," అంటూ హెలెన్ కవరు విప్పింది.

అధికారి ఒక చేపను విరిచి చూశాడు. "నిజమేనమ్మా. కానీ ఈ ప్లాన్ పాత లెక్కలతో కట్టింది. మళ్లీ మార్చేది ఐదేళ్లకే. ఇంతకీ మీదే ఊరు?"

"మార్కాపురం పక్కన సార్."

"అక్కడ సముద్రం లేదుగా! మత్స్యకారుల మాటే రాసుకోమన్నారు."

వెనక ఎవరో నవ్వారు.

"సముద్రం లేదు గానీ సారూ, మా బువ్వ దాంట్లోదే. ఐదేండ్లకు ఇంకేం మిగుల్తదని మారుస్తారు?"

భోజనాలకు లేవమన్నారు.

బయటికొచ్చాక మల్లమ్మ తల దించుకుంది. "రేపూ వల పోద్ది వదినా. పోకుంటే తినేదేంది?"

హెలెన్ ఆమెనేమీ అనలేకపోయింది. ఆ సాయంత్రం తనూ గంపెడు కొన్నది. కడుపులు ఉబ్బిన చేపలే. దారంతా గంప వైపు చూడలేదు.

రెండేళ్లు తిరిగేసరికి వలల్లో నెత్తళ్లు పడటం మానేశాయి. మల్లమ్మ రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పోయింది. హెలెన్ అమ్ముకునే చోటు వదిలేసి మిరపకోతలకు పోతోంది. మొన్న ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రార్థన మనవులు అడిగారు. ఒకరు వాన అన్నారు, ఒకరు బిడ్డ ఆరోగ్యం అన్నారు. హెలెన్ లేచి నిలబడింది. ఏమడగాలో తోచక మళ్లీ కూర్చుంది.